డెడ్‌లిఫ్ట్ కొడితే సిక్స్‌ప్యాక్ వస్తదా?

పోయిన వారం దిల్‌సుఖ్‌నగర్‌ల మా టైలర్ దగ్గరికి రెండు ఫార్మల్ ప్యాంట్లు తీస్కపోయిన, తొడల దగ్గర పట్టేసి కూసుంటే కుట్లు ఊడేటట్టున్నయ్. టేప్ పెట్టి చూసి "నడుము పాతదే సార్, 34, తొడలే గింత పెరిగినయ్, ఏం తింటున్నరు?" అన్నడు. ఏడాదిన్నర స్క్వాట్లు (భుజాలమీద బరువు పెట్టుకొని కూసొని లేసుడు), డెడ్‌లిఫ్టులకు (నేలమీది బరువును నిలబడి లేపుడు) నాకొచ్చిన రిపోర్ట్ అదే అనుకోండ్రి.

మొదట్ల మా జిమ్ముల రెండు పార్టీలుండె. ఒక అన్న "హెవీ కొట్టకు తమ్మీ, నడుము డ్రమ్ములెక్క అయితది" అంటడు, ఇంకో అన్న "సిక్స్‌ప్యాక్‌కు అవి రెండు చాలు, క్రంచెస్ అంత టైంపాస్" అంటడు. క్రంచెస్ అంటే, అదే పండుకొని పొట్ట ముడుచుడు, ముందునుంచే బద్ధకం కాబట్టి నేను రెండో పార్టీల చేరిన. డెడ్‌లిఫ్ట్ 60 నుంచి 140 కిలోలకు పోయింది, అంటే 20 కిలోల బార్‌కి అటు మూడు ఇటు మూడు 20 ప్లేట్లు, ఫొటో గూడ ఉంది. వీపు మస్తయింది, భుజాలు మస్తయినయ్, పొట్ట మాత్రం ఎట్లున్నదో అట్లనే.

ఎందుకంటే డెడ్‌లిఫ్ట్‌ల బరువు మనల్ని ముందుకు వంచాలని చూస్తది, వంగకుండ ఆపేది వెన్ను పొడుగునా ఉండే కండరాలు. సిక్స్‌ప్యాక్ కండరం, రెక్టస్ అబ్డామినిస్ అంటరు, దాని డ్యూటీయే ముందుకు వంచుడు, అది గట్టిగ గుంజితే బార్ పార్టీల కలిసినట్టే కదా! ఊపిరి బిగబట్టినప్పుడు లోపల ప్రెషర్ నిలబెట్టనీకి మిగతా వాటితోని కలిసి సాయం చేస్తది, అంతే. పక్కటెముకల కింద వేళ్లు పెట్టి ఒక్కసారి దగ్గుండ్రి, ఆ గట్టితనమే బ్రేసింగ్. నడుముకు రక్షణ, కరెక్టే, గని పొట్టమీది గళ్లు పెరగనీకి అది చాలదు. ఓవర్‌హెడ్ ప్రెస్ వేరే, బరువు నెత్తిమీదుంటే ఒళ్లు వెనక్కి వంగుతది కాబట్టి ముందు పొట్టే ఆపాలె. చిన్‌అప్స్ (కడ్డీకి ఏలాడి ఒళ్లు పైకి గుంజుడు) గూడ అంతే, మొదటిసారి కొట్టిన తెల్లారి నవ్వితే పొట్ట నొచ్చింది నాకు.

డ్రమ్ము సంగతి అంటే, నాది కాలే. వీపు, భుజాలు పెరిగేసరికి అదే నడుము సన్నగ కనిపిస్తుంది. అట్లని మురవకుండ్రి, ప్యాంటు 34 ఏ గని బొడ్డు దగ్గర టేప్ పెడితే 92 సెంటీమీటర్లు వచ్చింది, మన దేశం మగోళ్లకు 90 దాటొద్దంటరు డాక్టర్లు. ఆ కొవ్వు కింద ఏ కండరం పెరిగినా ఎవనికి కనపడుతది, రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు ఎక్కడికి పోతయ్. ఇగ గళ్లు నాలుగా ఆరా ఎనిమిదా అనేది అమ్మానాయిన ఇచ్చిందే, దానికి ప్రోగ్రాం లేదు.

ఇప్పుడు చాయ్ రెండుకు తగ్గించిన, వారంల రెండు రోజులు కేబుల్ క్రంచ్ (మెషీన్ తాడును కిందికి గుంజుకుంట పొట్ట ముడుచుడు) పెట్టుకున్న, మెల్లగ బరువు పెంచుదామని. మొదటి రోజు 140 లేపే మనిషిని 25 కిలోలకే తొమ్మిదోసారి గుంజంగ మోకాళ్లమీద కూలబడ్డ. పక్కన ఇంటర్ పిలగాడు 35 పెట్టుకొని గుంజుతున్నడు, నన్ను చూసి నవ్వు ఆపుకున్నడు పాపం.