సంత చోటు మార్చారు, మా అత్తయ్యకి గడి దొరికేసరికి ఏం జరిగిందంటే

మా అత్తయ్య ఎండు చేపలు అమ్ముతారు. మెత్తళ్లు, సావళ్లు, ఎండు రొయ్యలు, రొయ్యపొట్టు. సరుకు ఉప్పాడ వైపు నుంచి వస్తుంది. వారంలో మిగతా రోజులు చుట్టుపక్కల ఊళ్లు తిరిగినా అసలు బేరం ఆదివారం సంతలోనే. మాది పల్లెటూరు, సంత జరిగేది పక్కనున్న చిన్న మున్సిపాలిటీలో. గోదావరి జిల్లాల్లోనే, కానీ ఊరి పేరు రాయను, ఆ ఆఫీసులో మా పని ఇంకా మిగిలే ఉంది. చాలా ఊళ్లలో ఇప్పుడు ఇదే నడుస్తోంది కాబట్టి మా అనుభవం ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఏం మార్చారో చెప్తాను. మెయిన్ రోడ్డుకి రెండు వైపులా పరుచుకునే సంతని వెనకాల ఉన్న మున్సిపల్ ఖాళీ స్థలంలోకి మారుస్తున్నామని, వీధి వ్యాపారి కార్డు ఉన్నవాళ్లకే అక్కడ గడి (కూర్చుని అమ్ముకునే చోటు) ఇస్తామని, ఆశీలు పాట (సంతలో అమ్ముకునేవాళ్ల దగ్గర రుసుము వసూలు చేసుకునే హక్కుకి వేలం) ఎత్తేసి ఇకమీదట సిబ్బందే నేరుగా వసూలు చేస్తారని నోటీసు అంటించారు. నిజం చెప్పాలంటే రోడ్డు మీంచి తీసేయడం నాకేమీ అన్యాయం అనిపించలేదు, ఆదివారం పొద్దున ఆ రోడ్డులో 108 ఇరుక్కుపోయి కూతలు పెడుతుంటే తక్కెళ్లు, గంపలు ఎత్తి దారి ఇచ్చిన రోజులు నేనూ చూశాను. ఆశీలు పాట ఎత్తేయడమైతే ఇంకా సంతోషం. పాట ఎక్కువకి పాడుకున్నవాడు ఏడాదంతా వసూలు చేసుకుంటాడు, పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కదా, అందుకని బోర్డు మీద గంపకి ఉన్న రేటు ఒకటి, చేతిలో పెట్టమనేది ఇంకొకటి. చీటీ అడిగిన వాళ్లని ఎగాదిగా చూస్తారు. మా అత్తయ్య మాత్రం మొండిగా నిలబడి చీటీ చింపించుకునేవారు. ఆ మొండితనమే తర్వాత మమ్మల్ని గట్టెక్కించింది.

అసలు గొడవ లెక్క దగ్గర వచ్చింది. కార్డు ఇవ్వాలంటే ముందు సర్వే చేయాలి. సర్వేకి వాళ్లు వచ్చింది బుధవారం! ఆదివారం సంతకి బుధవారం వచ్చి ఎవరుంటే వాళ్ల పేర్లు రాసుకున్నారు. ఉన్నదెవరు? రోజూ అక్కడే ఉండే పండ్ల బళ్లు, టిఫిన్ బళ్లు, చెప్పులు కుట్టే తాత. పల్లెల నుంచి ఆదివారం మాత్రమే దిగే కూరగాయల వాళ్లు, కుండల వాళ్లు, మా ఎండు చేపల వరస మొత్తం లిస్టులో లేదు. అడిగితే కౌంటర్ దగ్గరున్నాయన ఆధార్ చూసి, "మీ అడ్రసు మున్సిపాలిటీది కాదు కదమ్మా, మీ పంచాయతీలో అడగండి" అన్నాడు. పంచాయతీలో సంత లేదు, ఏం అడుగుతాం.

అప్పుడు నేను చట్టం వెతుక్కుని చదివాను. వీధి వ్యాపారుల చట్టం అని 2014లో వచ్చింది, ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. అందులో మాకు పనికొచ్చిన ముక్కలు ఇవి: సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లని లేపకూడదు. చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మాకు ఇచ్చింది వచ్చే ఆదివారం దాకానే. ఎక్కడ ఎవరు అమ్ముకోవాలి అన్న విషయంలో సలహా ఇవ్వడానికి టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, దానికి కమిషనర్ అధ్యక్షుడు, సభ్యుల్లో కనీసం 40 శాతం అమ్ముకునేవాళ్ల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఆ ప్రతినిధుల్ని వ్యాపారులే ఎన్నుకోవాలి. సంతలో అందరినీ అడిగాను, మీ తరఫున కమిటీలో ఎవరున్నారు అని. కమిటీ ఏంటి అన్నారు. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజు కట్టి అర్జీ పెడితే సభ్యుల పేర్లు వచ్చాయి, అందులో సంతకొచ్చే మనిషి ఒక్కరూ లేరు.

ఇంకొకటి కూడా దొరికింది. 50 ఏళ్లు దాటి ఒకే చోట నడుస్తున్న సంతల్ని వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడి వాళ్లని కదపకూడదని చట్టం షెడ్యూల్లో ఉంది. మా సంత మా అత్తయ్య వాళ్ల అమ్మ కాలం నుంచీ ఉంది. కాకపోతే రుజువేదీ? ఊరు మున్సిపాలిటీ కాకముందు పంచాయతీగా ఉన్నప్పటి పాట రిజిస్టర్లు కావాలి, అవి చెదలు తిన్నాయన్నారు. ముసలివాళ్ల మాట కాగితం కాదు కదా. పైగా అది రాష్ట్రం తయారుచేసే స్కీములో రావాల్సిన సంగతి, మా చేతిలో లేదు అని అధికారి తప్పుకున్నాడు. దాని మీద మేం గెలవలేదు, అర్జీలో ఒక పేరా రాసి ఊరుకున్నాం. అయినా ఆ పేరా చదివాక మాట్లాడే తీరు కొంచెం మారిందని నా అనుమానం.

అర్జీ అందరి పేరు మీద ఒకటే రాశాను, తెల్ల కాగితం మీద, ఇద్దరు ముగ్గురు సంతకాలు, మిగతావి వేలిముద్రలు. ఒక కాపీ మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను. స్టాంపు వేయడానికి ఇన్‌వర్డ్ సెక్షన్లో చాలా బాధపడ్డారు పాపం, వేసేదాకా నేను కదల్లేదు. ఇంకో కాపీ సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే చోట ఇచ్చి నంబరు తీసుకున్నాం. నా అంచనా, కదిలించింది ఆ నంబరే. పైనుంచి జవాబు అడుగుతారు కదా. కొన్నాళ్లకి ఫోన్ వచ్చింది, ఆదివారం వచ్చి మళ్లీ సర్వే చేస్తాం, రుజువులు పట్టుకుని ఉండండి అని.

రుజువు అంటే అందరికీ టెన్షన్. బయట ఊరి వాళ్లయినా మున్సిపాలిటీ పరిధిలో అమ్ముకుంటుంటే సిఫార్సు పత్రం ఇవ్వొచ్చని పీఎం స్వనిధి (వీధి వ్యాపారులకి కేంద్రం పెట్టిన లోను పథకం) నిబంధనల్లోనే ఉంది, అది ప్రింట్ తీసి పట్టుకెళ్లాను. కానీ అమ్ముకుంటున్నట్టు ఏదో ఒకటి చూపించాలి. మా అత్తయ్య అటక మీంచి బిస్కెట్ డబ్బా దించారు. మూత తీయగానే ఇల్లంతా ఉప్పు చేపల వాసన. లోపల ఆశీలు చీటీలు, గులాబీ రంగువి, పసుపువి, ఏ ఏడాది పాటదారుడు ఏ రంగు అచ్చేయిస్తే అది, రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టి ఉన్నాయి. కొన్నింటి మీద సిరా వెలిసిపోయింది, నూనె మరకలకి తేదీలు కనపడడం లేదు. కనపడేవి ఏరి ఏడాదికి కొన్ని చొప్పున కాగితం మీద అంటించాను. డ్వాక్రా లోను పుస్తకంలో "ఎండు చేపల వ్యాపారం" అని రాసిన పేజీ కూడా జిరాక్స్ తీశాను. సర్వేకి వచ్చిన అమ్మాయి చీటీలు చూసి ముక్కు మూసుకుని మరీ ఫోటోలు తీసుకుంది. చీటీలు లేనివాళ్ల కోసం చుట్టుపక్కల విచారించి రాయమని అడిగాం, రాశారు.

పేర్లు ఎక్కాయి. తర్వాత గడుల పంపకం, అది ఇంకో తమాషా. కొత్త స్థలంలో సున్నంతో గడులు గీసి నంబర్లు వేశారు, ఒక్కోటి 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఎవరికి ఏ గడి అన్నది లాటరీ అన్నారు. ప్లాస్టిక్ బకెట్లో చీటీలు వేసి తీయించారు. మా అత్తయ్యకి వచ్చిన నంబరు పూలావిడకీ గాజులాయనకీ మధ్యలో పడింది. పూలావిడ వెంటనే లేచి, "ఒదినా, నువ్వంటే నాకు కోపం లేదు గానీ నువ్వు పక్కన కూర్చుంటే నా మల్లెపూలు ఎవరు కొంటారే" అంది. హాలంతా నవ్వులు. లాటరీ అయితే ఎవరికీ అన్యాయం జరగదు అని ఆఫీసర్ వాదన. మనుషులకి జరగదేమో గానీ సంతకి జరుగుతుంది. ఎండు రొయ్యలు కొన్నావిడ పక్కకి తిరిగి వంకాయలు, గోంగూర కొంటుంది, అందుకే ఆ రెండు వరసలూ పక్కపక్కన ఉంటాయి. కొనేవాళ్లకి చేపల వరస ఎక్కడో తెలుసు, అక్కడికొచ్చి నలుగురి దగ్గర బేరమాడి ఒకరి దగ్గర కొంటారు. తలా ఒక మూల కూర్చుంటే ఎవరిని వెతుక్కుంటారు?

మా అత్తయ్య అప్పటిదాకా ఏ ఆఫీసులోనూ నోరు విప్పలేదు, నన్నే మాట్లాడమనేవారు. ఆ రోజు మాత్రం లేచి, "బాబూ, మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి తూర్పు నుంచి కొడుతుంది. మమ్మల్ని పడమటి చివర కూర్చోబెట్టండి, వాసన ఎవరికీ రాదు" అన్నారు. అంతే, ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. ఉల్లిపాయల వాళ్లు బస్తాలు ఆటో దిగాలి కాబట్టి గేటు దగ్గర అన్నారు. బట్టల వాళ్లు ఎండకి రంగు పోతుంది, చెట్టు నీడ కావాలన్నారు. కుండల వాళ్లు పశువులు రాని మూల అడిగారు. టౌన్ ప్లానింగ్ కుర్రాడు మంచివాడు, మరుసటి ఆదివారం సున్నం డబ్బా పట్టుకొచ్చి వరసలు మీరే చెప్పండి గీస్తాను అన్నాడు. వరస లోపల ఎవరిది ఏ గడి అన్నదానికి మాత్రం లాటరీయే, దానికి అందరం ఒప్పుకున్నాం.

ఇప్పుడు ఎలా ఉందంటే, బేరం తగ్గింది, దాచడం ఎందుకు. బస్సు దిగినవాళ్లు అంత లోపలికి నడిచి రావడం లేదు, రోడ్డు మీద ఒక బోర్డు పెట్టమంటే పెడతాం అంటూనే ఉన్నారు. మరుగుదొడ్డి కట్టారు, ఆడవాళ్లకి అది పెద్ద ఊరట, ఇన్నేళ్లూ పొద్దుటి నుంచి నీళ్లు కూడా తాగకుండా కూర్చునేవాళ్లు. అందులోకి నీటి పంపు మాత్రం ఇంకా రాలేదు. ఆశీలుకి అచ్చేసిన రసీదు ఇస్తున్నారు, బోర్డు మీదున్న రేటే తీసుకుంటున్నారు. కమిటీలోకి సంత నుంచి ఇద్దరిని తీసుకోమని అడిగాం, ఎన్నిక పెట్టినప్పుడు చూద్దాం అన్నారు.

కార్డు వచ్చింది. ఫోటో బాగానే పడింది, వ్యాపారం దగ్గర "పూలు" అని పడింది. పూలావిడకి చూపిస్తే కడుపుబ్బ నవ్వింది. స్వనిధి లోను పెట్టుకుందాం అనుకుంటున్నాం, 2020లో మొదలైనప్పుడు మొదటి విడత 10 వేలు, ఇప్పుడు 15 వేలు చేశారు. కార్డు మీద ఒకటి, డ్వాక్రా పుస్తకంలో ఇంకొకటి ఉంటే బ్యాంకులో మళ్లీ తిప్పుతారు, అందుకని ముందు ఇది దిద్దించమని అర్జీ ఇచ్చాం. స్టాంపు ఈసారి అడగకుండానే వేశారు.