మధ్య బ్యాచ్ పిల్లలు

మా అమ్మాయి కాలేజీలో టెన్నిస్ ఆడుతుంది అని చెప్తే ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు మొదట అడిగేది "ఏ డివిజన్ అండీ" అని. డివిజన్ టూ అనగానే "ఓహో" అని మాట మార్చేసేవాళ్ళు. వాళ్ళని తప్పు పట్టను, నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నా. ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్, థర్డ్ క్లాస్ అని మార్కుల లిస్టులు చూస్తూ పెరిగినవాళ్ళం కదా, నంబర్ పెరిగేకొద్దీ పిల్లాడి స్థాయి తగ్గిందనే మనకి అనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. ఇక్కడ కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో డివిజన్ వన్‌లో 350 పైన కాలేజీలున్నాయి, త్రీలో 400 పైనే ఉన్నాయి, మనం పిల్లల్ని చేర్పించాలని కలలు కనే ఎంఐటీ, కాల్‌టెక్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో అన్నీ డివిజన్ త్రీయే. త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు, టూలో ఉన్నదాన్ని ముక్కలు చేసి పంచుతారు, వన్‌లో డబ్బు, టీవీ, ప్రయాణాలు ఎక్కువ. అంతేగానీ పిల్లల తెలివికీ కష్టానికీ ఆ నంబర్‌తో సంబంధం లేదు.

మా అమ్మాయి 2021 ఫాల్‌లో చేరింది. కాలేజీ పేరు రాయను, అది తన సొంత విషయం. అప్పుడు అది డివిజన్ టూ. అమ్మాయిల టెన్నిస్‌కి టూలో టీమ్ మొత్తానికి ఆరు స్కాలర్‌షిప్‌లు, వాటిని కోచ్ ఎలాగైనా పంచుకోవచ్చు, అలా మా పిల్లకి ఫీజులో పావు వంతు వచ్చింది. ఫస్టియర్‌లో మూడో సింగిల్స్, అంటే టీమ్‌లో మూడో నంబర్ ప్లేయర్‌గా ఆడింది. అప్పట్లో ప్రతి ఆదివారం ఫోన్‌లో గొంతు వింటేనే తెలిసేది ఎంత ఆనందంగా ఉందో.

2022లో కాలేజీ డివిజన్ వన్‌కి వెళ్తున్నామని ప్రకటించింది. మా ఆయన ఆఫీస్ నుంచి స్వీట్లు కొనుక్కొచ్చాడు, నేను తెనాలిలో అమ్మకి ఫోన్ చేసి "మనవరాలి కాలేజీ పెద్ద లీగ్‌లోకి వెళ్తోందే" అని చెప్పా. పిల్ల మాత్రం ఏం మాట్లాడలేదు. "ఏంటి నాన్నా, సంతోషంగా లేదా" అంటే "అమ్మా, ట్రాన్సిషన్ అంటే ఏంటో చదివావా" అంది. చదవలేదు. ఆ రాత్రి కూర్చుని చదివా.

అప్పటి రూల్ ప్రకారం టూ నుంచి వన్‌కి వెళ్ళే కాలేజీ నాలుగేళ్ళు ఆగాలి. ఆ నాలుగేళ్ళూ ఎక్కువగా వన్ టీమ్‌లతో ఆడాలి, వన్ రూల్స్ అన్నీ పాటించాలి, అంత డబ్బూ ఖర్చు పెట్టాలి, కానీ ఎన్ని గెలిచినా ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి మాత్రం పంపరు. మా పిల్లకి మిగిలింది మూడేళ్ళు, అంటే లెక్క చూసుకుంటే అసలు ఛాన్సే లేదు. ఇంకోటి, వన్‌లో అమ్మాయిల టెన్నిస్‌కి అప్పుడు ఎనిమిది ఫుల్ స్కాలర్‌షిప్‌లు, వినడానికి బానే ఉంది, కానీ ఒకరికి పావు ఇచ్చినా అది ఒక పూర్తి స్కాలర్‌షిప్ కిందే లెక్క, అందుకని ఏ కోచ్ అయినా పావులు ఇవ్వడం మానేసి బయట నుంచి గట్టి ప్లేయర్లని తెచ్చుకుంటాడు. (ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్ళు వేసిన హౌస్ కేసులో కోర్టు సెటిల్‌మెంట్ వచ్చాక, 2025 నుంచి అందులో చేరిన కాలేజీలకి ఈ లెక్క పోయి టీమ్‌లో ఎంతమంది ఉండొచ్చు అనే లెక్క వచ్చింది, ఇప్పుడు చేర్పించేవాళ్ళు కొత్త రూల్స్ చూసుకోండి.) మాకూ అదే జరిగింది. యూరప్ నుంచి నలుగురు అమ్మాయిలు వచ్చారు, సెకండియర్ అయ్యాక మా పావు వంతు పోయింది, మూడో సింగిల్స్ ఆడిన పిల్ల ఐదుకి, తర్వాత అసలు సింగిల్స్‌లోనే లేకుండా మూడో డబుల్స్‌కి వచ్చింది. మెరిట్ స్కాలర్‌షిప్ ఉండబట్టి చదువు నడిచింది.

నేను అప్పుడు ఒక మాట అన్నా, ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. "డబ్బూ రాక, మ్యాచ్‌లూ లేక, టోర్నమెంటూ లేక ఇంక ఎందుకు ఆ ఆట, ఆ టైమ్ ఇంటర్న్‌షిప్ మీద పెట్టొచ్చు కదా" అని. ఫోన్‌లో చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "ఎవరో ఒకరు ఈ ఇయర్స్ ఆడాలి కదమ్మా" అంది. అంతే.

2023 మార్చిలో ఒక రాత్రి ఫోన్ చేసింది, గొంతులో ఆవేశం. మసాచుసెట్స్‌లో మెరిమాక్ అని ఒక కాలేజీ, అది కూడా టూ నుంచి వన్‌కి వచ్చిందే, 2019లో మొదలుపెట్టి నాలుగో ఏడు నడుస్తోంది. వాళ్ళ బాస్కెట్‌బాల్ మగపిల్లలు కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల లీగ్) ఫైనల్‌లో ఫేర్లీ డికిన్సన్ అనే కాలేజీని 67-66తో కొట్టారు. కప్పు వాళ్ళదే, కానీ ట్రాన్సిషన్‌లో ఉన్నారు కాబట్టి ఓడిన ఫేర్లీ డికిన్సన్ ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి పదహారో సీడ్‌గా వెళ్ళింది. వెళ్ళి నంబర్ వన్ సీడ్, అంటే అన్నిటికంటే పై ర్యాంక్‌లో పెట్టిన పర్‌డ్యూని 63-58తో ఓడించింది. మగవాళ్ళ టోర్నమెంట్‌లో పదహారో సీడ్ ఒకటో సీడ్‌ని ఓడించడం చరిత్రలో అది రెండోసారి. దేశం మొత్తం ఆ టీమ్ గురించే మాట్లాడింది. "అమ్మా, వాళ్ళని ఓడించిన పిల్లలు ఇవాళ డార్మ్ రూమ్‌లో టీవీ ముందు కూర్చుని చూసుంటారు" అని ఏడ్చింది, తన టీమ్ కూడా కాదు, తన ఆట కూడా కాదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో ఇలాంటి ఎదురుచూపు ఇంకోటి ఉంది. మా ఆయన గ్రీన్‌కార్డ్ ప్రయారిటీ డేట్, అంటే లైన్‌లో నిలబడ్డ తేదీ, 2014. అన్నీ అప్రూవ్ అయ్యాయి, పన్నులు కడుతున్నాం, రూల్స్ అన్నీ పాటిస్తున్నాం, లైన్ కదలదు. పిల్ల 2003లో హైదరాబాద్‌లో పుట్టింది, ఐదేళ్ళప్పుడు ఇక్కడికి తెచ్చాం, ఆ మరుసటి ఏడు 2024లో 21 నిండగానే మా వీసా మీద ఉండే హక్కు పోయి ఎఫ్-వన్ అనే స్టూడెంట్ వీసా మీదకి వెళ్ళింది, పెరిగిన దేశంలోనే ఫారిన్ స్టూడెంట్. కాలేజీ ట్రాన్సిషన్ అన్న మాట నాకంటే ముందు తనకి ఎందుకు అంత లోతుగా అర్థమయిందో నాకు ఆ రాత్రే తెలిసింది. ఇక్కడికి వచ్చినప్పటినుంచి ఆ పిల్ల మధ్యలోనే ఉంది. స్కూల్లో లంచ్ బాక్స్ మూత సగమే తెరిచి తినేది, తెనాలి వెళ్తే "అమెరికా పిల్ల" అని పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. రెండు వైపులా ఆడుతూ ఏ వైపూ లెక్కలోకి రాకపోవడం తనకి కొత్త కాదు.

ఇంక ఆ తర్వాత నేను "ఏం వస్తుంది" అని అడగడం మానేసా. "ఇవాళ ఎలా ఆడావు" అని అడగడం నేర్చుకున్నా. అది అంత తేలిక కాదు, నిజంగా చెప్తున్నా, మన నోటికి మొదటి ప్రశ్నే అలవాటు.

2025 జనవరిలో ఎన్‌సీఏఏ రూల్ మార్చింది, షరతులన్నీ నెరవేరిస్తే నాలుగేళ్ళ బదులు మూడేళ్ళే చాలు అని. అంటే మా పిల్ల కాలేజీకి ఆ ఫాల్ నుంచే అర్హత వస్తుంది, మా పిల్ల మేలో గ్రాడ్యుయేట్ అవుతుంది. ఫోన్ చేసి ఒకటే అరుపులు, "అమ్మా జూనియర్స్‌కి వచ్చేసింది, వాళ్ళు వెళ్ళొచ్చు!" అని. "మరి నువ్వు" అన్న మాట నా నోటిదాకా వచ్చి ఆగింది. ఫోన్ పెట్టేసాక వంటింట్లో నిలబడి ఏడ్చా.

అదే ఏడు మార్చిలో మేముండే శాన్ డియాగోలో యూసీఎస్‌డీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, శాన్ డియాగో) సంబరం. వాళ్ళు డివిజన్ వన్‌కి వెళ్దామా అని 2012లో స్టూడెంట్స్ ఓటు పెడితే వద్దన్నారు, 2016లో మళ్ళీ పెడితే మా ఫీజు పెంచినా పర్లేదు వెళ్దాం అన్నారు, 2020లో మొదలుపెట్టి నాలుగేళ్ళూ ఆగి, అర్హత వచ్చిన మొదటి ఏడాదే అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ బాస్కెట్‌బాల్ ఎన్‌సీఏఏకి వెళ్ళారు. అబ్బాయిలు మిషిగన్ లాంటి టీమ్‌తో 68-65 వరకు లాగి ఓడారు. నేను టీవీలో ఆ మ్యాచ్ చూస్తూ ఆడేవాళ్ళ గురించి కాకుండా 2016లో ఓటేసిన పిల్లల గురించి ఆలోచించా. పెంచిన ఫీజు కట్టి, ఇదంతా రాకముందే వాళ్ళలో చాలామంది డిగ్రీ తీసుకుని వెళ్ళిపోయుంటారు.

ఏప్రిల్‌లో పిల్ల ఆఖరి మ్యాచ్, సొంత కోర్టులో. సీనియర్ డే అంటే తల్లిదండ్రుల్ని కోర్టులోకి పిలిచి పూలిస్తారు, నేను మంగళగిరి చీర కట్టుకుని వెళ్ళా, తను వద్దంటుందేమో అనుకున్నా, చూడగానే వచ్చి కొంగు పట్టుకుంది. కాలేజీ టెన్నిస్‌లో మూడు డబుల్స్ కలిపి ఒక పాయింట్, ఆరు సింగిల్స్‌కి ఆరు, నాలుగు వస్తే గెలుపు. రెండు డబుల్స్ చెరొకటి అయ్యి అందరూ మా పిల్ల కోర్టు చుట్టూ చేరారు. మా జంట 6-5తో ముందుంది, డ్యూస్, అంటే 40-40. ఇక్కడ అడ్వాంటేజ్ ఉండదు, డ్యూస్ తర్వాత ఒక్క పాయింటే, సర్వ్ ఎదుర్కొనే జంటలో రిటర్న్ ఎవరు తీసుకోవాలో వాళ్ళే తేల్చుకోవాలి. పార్ట్‌నర్ తన వైపు చూసింది, తను తల ఊపి బేస్‌లైన్ దగ్గరికి నడిచింది, రాకెట్ గ్రిప్‌ని రెండుసార్లు నిక్కరుకి తుడుచుకుంది, చిన్నప్పుడు పరీక్ష రాసేముందు పెన్ను తుడుచుకున్నట్టే. సర్వ్ బాడీ మీదకి వచ్చింది, పక్కకి జరిగి బ్యాక్‌హ్యాండ్‌తో నెట్ దగ్గర అమ్మాయి పక్కనుంచి లైన్ మీదకి కొట్టింది. ఆ ఒక్క పాయింట్ తేడాతోనే టీమ్ 4-3తో గెలిచింది. వారం తర్వాత మాతో ఓడిన ఆ టీమే కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచి ఎన్‌సీఏఏకి వెళ్ళింది.

అమ్మ ఫోన్ చేసి "ఏమ్మా, పిల్లకి కప్పు వచ్చిందా" అని అడిగితే "లేదమ్మా, గెలిచింది" అన్నా. ఆవిడకి అర్థం కాలేదు, వచ్చే వేసవిలో ఎదురుగా కూర్చుని చెప్తా.

ఇప్పుడు పిల్ల ఉద్యోగంలో ఉంది, వీసా లాటరీ కోసం చూస్తోంది. ఈ ఏప్రిల్‌లో కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌కి జూనియర్స్ ఆడుతున్నారని రెండు రోజులు సెలవు పెట్టి టికెట్లు బుక్ చేసింది, నాకు కూడా. టీమ్ మొత్తానికి పులిహోర చేసుకుని రమ్మంది, ఆ యూరప్ అమ్మాయిలకి అదే కావాలట, పోపులో వేరుశనగలు ఎక్కువ వెయ్యమని మరీ చెప్పింది.