పిల్లాణ్ని అడిగారా?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దాటి లోపలికి వెళ్తే, కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోటల్లా పక్కనే రేకుల షెడ్లు ఉంటాయి. అక్కడ కాసేపు నిలబడితే కదిరి యాస, కర్నూలు యాస వినిపిస్తాయి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పిల్లాజెల్లాతో వచ్చేసినవాళ్ళు. నాలుగేళ్ళుగా మేం ఐదారుగురం ఆదివారాలు వెళ్ళి ఆ పిల్లలకు చదువు చెబుతున్నాం. సరిగ్గా ఎక్కడో, వాళ్ళ పేర్లేమిటో మాత్రం రాయను. మాతో వస్తామని ఈమధ్య ముగ్గురు అడిగారు, ముందుగా ఏం తెలుసుకోవాలి అన్నారు. వాళ్ళకు నేను చెప్పింది ఒక పిల్లాడి సంగతే.

వాడికి 15 ఏళ్ళు. ఎనిమిదిలో బడి మానేసి సెంట్రింగ్ పనికి హెల్పర్‌గా వెళ్ళేవాడు, అదీ ఒంటిపూటే. ఉచిత నిర్బంధ విద్య చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వరకే, ఆ తర్వాత బడికి రాలేదని అడిగేవాళ్ళే ఉండరు, కాబట్టి ఈ వయసు వాళ్ళే ఎక్కువగా చేజారిపోతారని నాకు భయం. ఆ తొందరలో వాళ్ళ ఊరి దగ్గరే హాస్టల్లో సీటు చూశాను, నాన్నతో మాట్లాడాను, బ్యాగు కొన్నాను, బస్సెక్కించాను. 11 రోజులకే తిరిగొచ్చేశాడు. ఆ తర్వాత రెండు నెలలు మా వైపు చూడలేదు. నాకు కోపం వచ్చింది, ఇంత చేస్తే ఇలాగా అని. చివరికి నేనే వెళ్ళి కూర్చుంటే అన్నాడు: "నన్ను అడిగింటే చెప్పేవాణ్ణి గదన్నా. చెల్లెల్ని ఎవురు చూసుకుంటారు?"

నాలుగేళ్ళ చెల్లెలు. అమ్మానాన్నలు పనికి పోతే షెడ్డులో ఒక్కతే. వాడు ఒంటిపూట పనికి వెళ్ళేది అందుకే. హాస్టల్‌కు పంపేముందు నాలుగు నెలలు వాడితో ప్రతి వారం మాట్లాడాను, ఈ ఒక్కటీ అడగలేదు. వాడికి మంచేమిటో నాకు తెలుసనుకున్నాను.

అప్పుడు చేయాల్సిన పని చాలా చిన్నదని తెలిసింది. పాపను అంగన్‌వాడీలో చేర్చాం. వాడికి ఓపెన్ స్కూల్ సంగతి చెప్పాం: జాతీయ సార్వత్రిక విద్యాలయంలో 14 నిండినవాళ్ళు పదో తరగతి కట్టొచ్చు, తెలుగులోనే రాయొచ్చు, ఒకసారి చేరితే ఐదేళ్ళ వరకు వీలున్నప్పుడల్లా సబ్జెక్టులు పూర్తిచేసుకోవచ్చు.

తర్వాత 2015 బాల న్యాయ చట్టం చదివాను. అందులో మూడో సెక్షన్‌లో 16 సూత్రాలున్నాయి. తనకు సంబంధించిన ప్రతి నిర్ణయంలో బిడ్డ మాట వినాలి, వయసుకు తగ్గట్టు లెక్కలోకి తీసుకోవాలి అన్నది వాటిలో ఒకటి. నింద వేసే మాటలు వాడకూడదన్నది ఇంకోటి. బిడ్డను ఇంటికి దూరంగా ఏదైనా సంస్థలో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలన్నది మరొకటి. నేను హాస్టల్ దగ్గరే మొదలుపెట్టాను! అధికారుల కోసం రాసిన సూత్రాలే కావచ్చు, ఆదివారం పలక పట్టుకుని వెళ్ళే మనకూ అవే కావాలి. పుట్టినరోజని కేకు తెచ్చి పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఫోటోలు తీసుకునేవాళ్ళను ఇప్పుడు నేను రానివ్వడం లేదు. ఆ ముఖాలు రేపు ఎవరెవరి ఫోన్లలో తిరుగుతాయో మనకు తెలియదు.

ఇంకో విషయం, ఇది చాలా ముఖ్యం. పిల్లలు నమ్మాక "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటారు. ఒట్టు వేయొద్దు. పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. ఒట్టు వేసి తర్వాత తప్పితే ఆ బిడ్డ ఇంకెవరినీ నమ్మదు. అందుకే మేం ముందే చెప్పేస్తాం: "నీకు ముప్పున్న సంగతైతే నేనొక్కణ్ణే దాచుకోలేను, కానీ ఎవరికి చెప్పబోతున్నానో ముందు నీకే చెప్తాను." ఇది విన్నాక కూడా చెప్పిన పిల్లలున్నారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, ఆ నంబరు షెడ్డు గోడ మీద రాసి పెట్టాం.

మా వాడు ఇప్పుడు ఓపెన్ స్కూల్ ఫారం నింపుతున్నాడు. లెక్కలు వద్దంట, పెయింటింగ్ తీసుకుంటాడంట. లెక్కలు లేకపోతే రేపు ఐటీఐలో కొన్ని ట్రేడులకు అడ్డొస్తుందని చెప్పాను, గట్టిగానే చెప్పాను. వారం టైమ్ ఇవ్వన్నా, ఆలోచించుకుంటా అన్నాడు. ఆ ఒక్క గడి ఖాళీగా వదిలేసి మిగతాది నింపాం.