పెయింటింగ్ కొలతల దగ్గర జరిగిన గొడవ: మా పాత ఇంటి రిపేర్లు, నా అనుభవం

నిన్న సాయంత్రమే పెయింటింగ్ కాంట్రాక్టర్‌కి ఆఖరి డబ్బులు ఇచ్చి పంపించేశాం. కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాక రాస్తే సగం మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నా. ఇల్లు బాగు చేయించుకుందాం అనుకునేవాళ్ళకి ఎవరికైనా పనికొస్తుంది.

మాది తెనాలి. మా మామగారు 1994లో కట్టించిన డాబా, రెండు బెడ్రూములు, హాలు, వంటిల్లు, ముందు వరండా. స్లాబు కారడం, గోడలకి చెమ్మ, పాత వైరింగు, ఇవన్నీ ఏళ్ళ తరబడి వాయిదా వేసుకుంటూ వచ్చాం. నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తా. నా చీటీ డబ్బులు, మావారి దగ్గర దాచినవి కలిపి ఆరు లక్షలు తేలాయి. అందులో ఐదు లక్షలే పనులకి అనుకుని, లక్ష వేరే అకౌంట్లో వేసేశాం. ఆ లక్ష సంగతి ఏ మేస్త్రీకీ చెప్పలేదు, చుట్టాలకీ చెప్పలేదు. మీ దగ్గర మొత్తం ఎంత ఉందో పనివాళ్ళకి తెలిస్తే ఎస్టిమేటు సరిగ్గా అంతకే వస్తుంది, ఇది మాత్రం రాసి పెట్టుకోండి.

బ్యాంకు లోన్‌కి కూడా వెళ్ళా. ఇంజనీర్ ఎస్టిమేటు తెండి, ఇంటి ప్లాను తెండి అని తిప్పించుకుని, చివరికి మీవారిని తీసుకురండి అన్నారు. దండం పెట్టి వచ్చేశా. లోన్ తీసుకునేవాళ్ళు ఒకటి తెలుసుకోండి, సొంతంగా ఉండే ఇంటి రిపేర్ల లోన్ మీద వడ్డీకి పాత పన్ను పద్ధతిలో ఏడాదికి 30,000 వరకే మినహాయింపు, ఇల్లు కొనడానికి ఇచ్చే రెండు లక్షలు దీనికి రావు. కొత్త పద్ధతిలో అయితే అదీ లేదు. ట్యాక్స్ కలిసొస్తుందని ఎవరైనా చెప్తే నమ్మి అప్పు చేయొద్దు.

పనుల వరస గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ముందు నీళ్ళు కారడం ఆపాలి, తర్వాత వైరింగు, ప్లంబింగు, బాత్రూమ్, తర్వాత నేల, అన్నిటికన్నా చివర రంగులు. దసరా అయిపోగానే స్లాబు మీద వాటర్ ప్రూఫింగ్ చేయించాం, పదో వంతు డబ్బులు వానలు పడ్డాకే ఇస్తానని ముందే చెప్పి ఆపుకున్నా. అక్టోబర్ నెలాఖర్లో మొంథా తుఫాను వచ్చింది, ఒక్క చుక్క దిగలేదు, మర్నాడే పిలిచి మిగతాది ఇచ్చేశా. ఆయన మంచి పనివాడు. తాపీ మేస్త్రీ ఎస్టిమేటు మాత్రం ఆగస్టులో రాసింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఆయన పాత రేటే వేసి ఉంచాడు. షాపులో కొత్త రేటు కనుక్కుని చూపిస్తే మార్చాడు.

నేల మొజాయిక్ పగలగొట్టకుండా దాని మీదే అడెసివ్‌తో టైల్స్ వేయించాం. పగలగొట్టే కూలి, రబ్బీషు ట్రాక్టర్లు అన్నీ మిగిలాయి. కాకపోతే నేల ఎత్తు పెరిగి తలుపులన్నీ కింద రాసుకుంటాయి, కార్పెంటర్‌తో అడుగున కోయించాలి, ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు, మీరే రాసుకోండి. ఇంకోటి, రెండడుగుల టైల్ అంటారు గానీ అది 600 మిల్లీమీటర్లే, రెండడుగులకి కొంచెం తక్కువ. నాలుగు టైల్స్ పెట్టె పదహారు చదరపు అడుగులు అని లెక్క చెప్తారు, నిజానికి పదిహేనున్నరే వస్తుంది. మా నేల 780 అడుగులు. పదిహేనున్నరతో భాగించి, తరుగు ఏడు శాతం కలిపితే 54 పెట్టెలు. మేస్త్రీ 62 చెప్పాడు. 54 తెచ్చాం, సరిపోయాయి. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో షాపులోనే చూసుకోండి, తక్కువై తర్వాత తెస్తే షేడ్ కలవదు.

ఇక పెయింటింగ్. మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగు 26 రూపాయలు, పుట్టీ రెండు కోటింగులు, ప్రైమర్, పైన ఎమల్షన్ రెండు కోటింగులు అని మాట. పని బాగానే చేశారు, అది కాదనను. అయ్యాక కాంట్రాక్టర్ వచ్చి ఒక చిన్న చీటీ చేతిలో పెట్టాడు. దాని మీద ఒకటే లైను: 4,900 అడుగులు, 1,27,400. గదులు లేవు, పొడవూ వెడల్పూ లేవు. మేము రంగులకి పెట్టుకున్నది లక్ష.

ఏ గది ఎంత వచ్చిందో చెప్పండి అన్నా. ఆయన నా వైపు చూడకుండా, "సార్‌తో మాట్లాడుకుంటాలే అమ్మా, మీరు లోపలికెళ్ళండి" అన్నాడు. డబ్బులిచ్చేది నేను, నాకే చెప్పండి అన్నా. అప్పుడు నా మిషను వైపు చూసి, "ఇది జాకెట్టు కొలత కాదమ్మా, బిల్డింగు కొలత, మీకు తెలీదు" అని నవ్వాడు. ఆయన కుర్రాళ్ళు ముగ్గురూ నవ్వారు. టీ తాగడానికి వచ్చిన మా బావగారి అబ్బాయి ఉన్నాడు అక్కడ, జాకెట్టు తీసుకెళ్ళడానికి వచ్చిన కస్టమర్ ఉంది. ఒళ్ళంతా మండిపోయింది. మావారేమో "పోన్లేవే, ఇరవై ఏడు వేల దగ్గర గొడవెందుకు" అంటారు. లైనింగ్ జాకెట్టు కుడితే నాకు 350 వస్తుంది. ఆ ఇరవై ఏడు వేలంటే దాదాపు ఎనభై జాకెట్లు, అంటే నా మెడ నొప్పి, నా కళ్ళు. పోనియ్యను అని చెప్పేశా.

మా పక్కింటి బాబాయిగారు పంచాయతీరాజ్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్ చేసి రిటైరయ్యారు. ఆ రాత్రే వెళ్ళి చీటీ చూపించా. ఆయన ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి గీతలు కొట్టి ఇచ్చారు, ప్రభుత్వ పనుల్లో ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం, ఎలా ఉంటుందో అలా: పని పేరు, ఎన్ని, పొడవు, వెడల్పు, ఎత్తు, మొత్తం. కన్నాల లెక్క, అంటే గోడలో తలుపులు, కిటికీల ఖాళీల లెక్క కూడా చెప్పారు. అర చదరపు మీటరు లోపు కన్నానికి, అంటే ఐదున్నర చదరపు అడుగుల లోపు వెంటిలేటర్ లాంటి దానికి, ఏమీ తీసేయరు. అక్కణ్ణించి మూడు చదరపు మీటర్ల దాకా, అంటే మామూలు తలుపులు, కిటికీలు, గోడకి రెండు వైపులా అదే రంగు వేస్తే ఒక వైపుది మాత్రమే తీసేస్తారు, రెండో వైపుది గోడ మందం అంచులకి వేసే పనికి పోతుంది. మూడు చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తీసేసి, అంచులు విడిగా కొలుస్తారు. బిల్డింగు పనుల కొలతలకి ఐఎస్ 1200 అని స్టాండర్డ్ ఉందట, అందులోది ఇది. కిటికీ గ్రిల్లుకి చుట్టూతా రంగు వేసినా వైశాల్యం ఒక్కసారే లెక్క, మా చీటీలో రెండు వైపులూ వేశారని తర్వాత తేలింది.

మర్నాడు పొద్దున్నే నేనూ మా అబ్బాయీ గది గదికీ టేపు పెట్టాం. హాలు చెప్తా చూడండి. లోపల 14 బై 12, ఎత్తు 10. నాలుగు గోడలు 520, సీలింగు 168. గుమ్మం తలుపు ఇరవై నాలుగున్నర, లోపలి తలుపులు రెండూ కలిపి 42, కిటికీలు రెండూ కలిపి 32, మొత్తం తొంభై ఎనిమిదిన్నర. అందులో సగం ఇటు, సగం అవతలి వైపు లెక్కలో తీసేస్తే హాలు 639 అడుగులు వచ్చింది.

కాంట్రాక్టర్‌ని పిలిచి మీ హాలు ఎంత అని అడిగా. ఫోన్లో చూసుకుని 748 అన్నాడు. ఎలా వచ్చిందంటే పద్నాలుగున్నర, పన్నెండున్నర, ఎత్తు పదిన్నర. అర అడుగు ఎక్కడిది? గోడ మందంలో సగం కలిపాడట! గోడ మందం లోపల రంగు వేస్తారా? పైగా తలుపులూ కిటికీలూ ఏవీ తీయలేదు. ఒక్క హాల్లోనే 109 అడుగులు, దాదాపు 2,800 రూపాయలు. బాత్రూమ్‌లో ఇంకా అన్యాయం, ఏడడుగుల దాకా టైల్స్ ఉంటే గోడ మొత్తం పదడుగులూ రంగులో వేశాడు. ఏడు బై ఐదు బాత్రూమ్, చుట్టుకొలత 24, అంటే 168 అడుగుల టైల్స్‌కి మేము రంగు డబ్బులు కట్టాలి, 4,368 రూపాయలు.

ఈసారి బాబాయిగారు కుర్చీ వేసుకుని వరండాలో కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. టేపు ఒక చివర కాంట్రాక్టర్ కుర్రాడు, ఇంకో చివర నేను, నేను అంకె చెప్పడం, మా అబ్బాయి రాయడం, కాంట్రాక్టర్ పక్కన సంతకం పెట్టడం. వంటింటి గూళ్ళ దగ్గర కాసేపు వాదించాడు. గూళ్ళ లోపల రంగు వేసిన మాట నిజమే కాబట్టి అవి నేనే కలిపా. న్యాయం అంటే రెండు వైపులా ఉండాలి, పనివాడి కష్టం తినేయాలని నాకెప్పుడూ లేదు. అంతా తేలేసరికి 4,080 అడుగులు, 1,06,080. మొదటి చీటీకీ దీనికీ 21,320 తేడా. ఆయన ఇంక ఏమీ అనలేదు, మావారు మాత్రం ఆ నోట్‌బుక్ తీసి రెండుసార్లు చదివారు.

మీరు పెయింటింగ్ ఇచ్చేటప్పుడు రేటు ఒక రూపాయి తగ్గించమని గంటసేపు బేరం ఆడకండి. రూపాయి తగ్గితే మాకు మిగిలేది 4,080, కొలతలో పోబోయింది దానికి ఐదింతలు. అడ్వాన్స్ ఇచ్చే ముందే, గోడ లోపలి కొలత, తలుపులకి ఎలా తీసేస్తారు, టైల్స్ ఉన్నచోట లెక్క లేదు, గ్రిల్లు ఒకసారే, ఈ నాలుగూ కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఆడవాళ్ళు ఇంట్లో ఉంటే టేపు వాళ్ళ చేతికే ఇవ్వండి, రోజంతా ఆ ఇంట్లో తిరిగేది వాళ్ళే, ఏ గోడకి ఏం వేశారో వాళ్ళకే తెలుసు.

వేరే పెట్టిన లక్షలో వైరింగుకి 28,000 పోయింది, గోడల్లో పాత పైపులు మూసుకుపోయి కొత్త గాడులు కొట్టాల్సి వచ్చింది. తలుపులు కోయించడానికి కొంత, పెయింటింగ్‌లో లక్ష దాటిన 6,080 కూడా అందులోంచే. ఫాల్స్ సీలింగు పెట్టించమని మా ఆడపడుచు ఇంకా అంటూనే ఉంది, పెట్టించను. మిగిలిన దాంతో సంక్రాంతి దాటాక ప్రహరీ గేటు మార్పిస్తాం. ఐరన్ షాపాయన కిలో లెక్కన రేటు చెప్పాడు, తూకం నా ఎదురుగానే వేయాలని ఇప్పటికే చెప్పేశా.