నాలా ఎవరిదో తేల్చడానికి పద్నాలుగు నెలలు: నా అనుభవం

రాత్రి రెండున్నర దాకా వాన దంచికొట్టింది. టార్చి పట్టుకుని మూడుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చాను. నీళ్ళు రోడ్డు మీద చీలమండ దాకా వచ్చి, అరగంటలో తీసేశాయి. ఇంట్లోకి చుక్క రాలేదు. పొద్దున్నే కాఫీ కూడా పెట్టుకోకుండా ఇది రాస్తున్నాను.

మాది హైదరాబాద్ తూర్పు శివారు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడిన రాత్రి మా ఇంట్లో నడుం లోతు నీళ్ళు. అవి వాన నీళ్ళు కూడా కావు. మ్యాన్‌హోల్ ఎగదన్ని, బాత్రూం జాలీలోంచి పైకొచ్చిన మురుగు. బియ్యం డబ్బా తేలుకుంటూ వెళ్ళి దేవుడి గూటికి ఆనుకుంది. అంత వాన ఎప్పుడో ఒకసారి పడుతుందిలే అని సర్దుకున్నాం. కానీ ఆ తర్వాత ఏటా ఐదారు సెంటీమీటర్లు పడినా ఇల్లు మునగడం మొదలైంది. అప్పుడు కదిలాను.

యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. రెండో రోజే 'పరిష్కరించబడింది' అని మెసేజ్, కింద ఎవరిదో వేరే గల్లీ ఫోటో. నాయకులొచ్చారు, ఫోటోలు దిగారు, వెళ్ళారు.

ఇక నాలా, అంటే పైన కుంట నుంచి వాన నీళ్ళు పోయే కాలువ, ఎవరిదన్న తగువు. మున్సిపల్ ఆఫీసులో అడిగితే ఇరిగేషన్ వాళ్ళదన్నారు. ఇరిగేషన్‌కి వెళ్తే 'పైన కుంట మాది, మత్తడి (కుంట నిండితే నీళ్ళు పొర్లే అలుగు) దాకా మాది, లేఔట్‌లోకి వచ్చాక మాకు సంబంధం లేదు' అన్నారు. రెవెన్యూలో సర్వేయర్ ఎప్పుడు వెళ్ళినా సెలవే. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఆ తర్వాత జరిగింది మాత్రం నేను మర్చిపోను. ఒక ఇంజినీరు గారి గదికి కాలనీ వాళ్ళం ఐదుగురం వెళ్ళాం. గదిలో అప్పటికే ఓ పదిమంది ఉన్నారు. నేను మాట్లాడుతుంటే ఆయన ఫైలు తెరవలేదు, నేను చేత్తో గీసుకెళ్ళిన ప్లాను మీద టీ గ్లాసు పెట్టాడు. 'మీ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా మేడమ్?' అన్నాడు. తర్వాత అందరికీ వినపడేలా, 'నాలా పక్కన కట్టకూడని బఫర్ జాగాలో చవగ్గా వస్తుందని కొనుక్కోవడం, మునిగాక మా మీద పడి ఏడవడం. అసలు మీ ఇల్లే నాలా మీదుంది. ముందు నోటీసు ఇవ్వాల్సింది మీకు' అన్నాడు. గ్లాసు తీశాక ప్లాను మీద, సరిగ్గా మా వీధి గీసిన చోట, గుండ్రంగా మరక. ఇరవై రెండేళ్ళు లెక్కల టీచరుగా చేశాను. నా ముందు ఎవరూ అలా మాట్లాడలేదు. నోట మాట రాలేదు.

నాతో వచ్చినవాళ్ళు తలలు దించుకున్నారు. మెట్లు దిగుతూనే ఒకాయన 'మనకెందుకు మేడమ్, తేనెతుట్టె కదిపినట్టవుతుంది' అన్నాడు. 2024లో చెరువులు, నాలాల మీది ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చిన దగ్గర్నుంచి బఫర్ అన్న మాటకే జనం వణికిపోతున్నారు. మర్నాడు సాయంత్రం అసోసియేషన్ వాళ్ళు ఇంటికొచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నారు. పదకొండు రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. రాత్రిళ్ళు ఇంటి కాగితాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. నిజంగానే మేం నాలా మీద కట్టుకున్నామా? మా ఆయన పీఎఫ్ డబ్బులన్నీ పోసిన ఇల్లు.

భయపడే బదులు కొలుద్దామనుకున్నాను. సమాచార హక్కు చట్టం (ఆర్‌టీఐ) కింద గ్రామ నక్షా, అంటే ఊరి సర్వే పటం, అడిగాను, పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో. మీరు పెట్టేటప్పుడు దరఖాస్తులో సెక్షన్ 6(3) అని తప్పకుండా రాయండి. ఆ సమాచారం తమ దగ్గర లేకపోతే, ఐదు రోజుల్లో సంబంధిత ఆఫీసుకి వాళ్ళే పంపాలి. 'మాది కాదు' అని మనల్ని తిప్పి పంపడానికి ఉండదు. నాకీ ముక్క మొదట్లోనే తెలిసుంటే నాలుగు నెలలు మిగిలేవి.

నక్షా వచ్చింది. కుంట నుంచి వంకరటింకరగా రెండు గీతలు, అదే నాలా. 2012 నాటి జీవో 168 ప్రకారం పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకి బఫర్ రెండు మీటర్లు, అంతకంటే పెద్దదైతే తొమ్మిది. టేపు పెట్టి కొలిస్తే మా గోడ నాలాకి 26 మీటర్ల దూరంలో ఉంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మరి నీళ్ళు ఎక్కడ ఆగుతున్నట్టు? పాత ఊళ్ళో ఒక తాత చూపించాడు. 'గీ జాగల వరి పెడ్తుంటిమి బిడ్డా. మత్తడి దుంకితే నీళ్ళు గా ఫంక్షన్ హాలు కాడికెల్లే పోతుండె' అన్నాడు. వెళ్ళి చూస్తే, పన్నెండడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు నాలా వచ్చి ఆ ప్రహరీ గోడ దగ్గర రెండడుగుల పైపులోకి దూరుతోంది. అరవై చదరపు అడుగుల దారి మూడు చదరపు అడుగులైంది. ఎకరం మీద సెంటీమీటరు వాన పడితే నలభై వేల లీటర్లు. మాకు ఎగువన సుమారు రెండు వందల ఎకరాలు. ఐదు సెంటీమీటర్లు పడితే నాలుగు కోట్ల లీటర్లు. అందులో సగం ఇంకినా, మిగతా సగం ఆ పైపులో ఎలా పడుతుంది?

ఈ లెక్క ఒక్క కాగితం మీద రాసి, నక్షా జతచేసి, సోమవారం జనం దగ్గర అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్ళాను. ఒక్కదాన్నే. అక్కడి అధికారి నిలబెట్టి పంపకుండా కూర్చోబెట్టి చదివారు. మూడు శాఖలూ కలిసి సర్వే చేయాలని రాశారు. సర్వే రోజున ఆ ఇంజినీరు కూడా వచ్చాడు. గొలుసు లాగాక, పక్కవాళ్ళతో 'మేడమ్ లెక్క కరెక్టే' అన్నాడు. నాతో అనలేదు. క్షమాపణ అడగలేదు, నేనూ క్షమించలేదు.

తర్వాత గోడ కొంత కొట్టేశారు, పైపు తీసి బాక్స్ డ్రెయిన్, అంటే పైకప్పున్న కాంక్రీటు కాలువ, వేశారు. ఆ నోటీసులు, టెండరు గురించి రాసేందుకేం లేదు, టైం పట్టింది అంతే.

మా కాలనీవాళ్ళకీ ఒక మాట చెప్పాలి. వరద కాలువలోకి బాత్రూం పైపులు కలిపినవాళ్ళు, ఇల్లు కట్టి మిగిలిన సిమెంటు ముద్దలు అందులో పారబోసినవాళ్ళు మనలోనే ఉన్నారు. ఆఫీసులను తిట్టే హక్కు ముందు మనం సంపాదించుకోవాలి.

ఇందాక డ్రెయిన్ దాకా వెళ్ళొచ్చాను. రాత్రి నీటి మరక పైకప్పుకి అడుగున్నర కిందే ఆగింది. అక్కడ సుద్దముక్కతో గీత గీసి తేదీ వేశాను. దిగువ కల్వర్టు దగ్గర మాత్రం మోకాలి లోతు ఒండ్రు, ప్లాస్టిక్ సంచులు పేరుకున్నాయి. ఫోటోలు తీశాను. సోమవారం మళ్ళీ వెళ్తాను.