మళ్లీ అదే సినిమా

కడప ఎండలకు రాత్రి పదైనా ఇల్లు చల్లబడదు. నిన్న మిద్దె మీద చాపలేసుకుంటే, అక్క కూతురు నీళ్ల చెంబుకు ఫోన్ ఆనించి ‘నువ్వే కావాలి’ పెట్టింది. 2000లో వచ్చిన సినిమా, అప్పటికి అది పుట్టనేలేదు. మలయాళం ‘నిరం’కి రీమేక్ అంటే నమ్మలేదు. త్రివిక్రమ్ మాటలు అంతగా మన ఇళ్లలో మాటల్లా ఉంటాయి మరి.

కాలేజీ కామెడీ కొంచెం పాతబడింది, ఒప్పుకుంటాను. కానీ ఇందులో అసలు విలన్ భయమే. చెప్తే ఉన్న స్నేహం కూడా పోతుందేమోనని. పక్కింటి పిల్లకి వేరే అబ్బాయితో పెళ్లి కుదిరితే, తరుణ్ నవ్వుతూ తిరుగుతాడు చూడండి, అక్కడ నేను ఇప్పటికీ ఫోన్ వైపు చూడను.

"చెప్పేస్తే అయిపోతాది కదా మామా, ఎందుకట్లా నాన్చుతాడు?" అంది.

ఏం చెప్పను? ఏడు రోడ్ల దగ్గర నాతో సగం సగం కారం దోశ తిన్న మనిషి పెళ్లి కార్డులు ఊరంతా పంచింది నేనే. వేళ్లకంటిన పసుపు రెండు రోజులు పోలేదు. (మా ఆవిడకి ఈ కథ తెలుసు, టెన్షన్ పడకండి.)

క్లైమాక్స్‌కి ముందు ఛార్జింగ్ అయిపోయింది. అది ఛార్జర్ కోసం మెట్లు దిగి పరిగెత్తింది.