ఎసిటైల్ తీశాక ఏం తగిలించాలి?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో తలకాయలు, డిప్పలు గుట్టలుగా పోగవుతాయి. ఎండిన డిప్పలో సుమారుగా పావు వంతు కైటిన్ (చక్కెర లాంటి వలయాలు గొలుసుగా కట్టిన పదార్థం), మిగతాది చాలావరకు ప్రోటీను, కాల్షియం కార్బొనేటు. ఆసిడ్‌తో సున్నాన్నీ, పల్చటి కాస్టిక్ సోడాతో ప్రోటీన్నీ పోగొట్టి, మిగిలిన కైటిన్‌ని 40–50 శాతం కాస్టిక్‌లో వేడి చేస్తే దాని మీది ఎసిటైల్ గ్రూపులు ఊడిపోయి కైటోసాన్ వస్తుంది. మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చే పిల్లలు ఇంతవరకూ గడగడా చెప్పేస్తారు. "తర్వాత దాన్ని ఏం చేస్తావమ్మా?" అంటే ఆగిపోతారు. నాకు ప్రాణమైన భాగం అదే.

కైటిన్ గొలుసులో ప్రతి వలయానికీ రెండో కార్బన్ మీద ఒక నైట్రోజన్, దాని మీద ఒక ఎసిటైల్ గ్రూపు. ఆక్సిజన్‌తో ద్విబంధమున్న కార్బన్, దానికో తోక ఉంటే ఎసైల్ అంటాం. తోక ఒక్క కార్బనే అయితే ఎసిటైల్. పక్కపక్క గొలుసుల్లోని ఈ గ్రూపులు హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుపోతాయి కాబట్టే కైటిన్ నీళ్లలో కరగదు, మామూలు సాల్వెంట్లలోనూ కరగదు. ఎసిటైళ్లు దాదాపు అన్నీ తీసేస్తే వచ్చే కైటోసాన్ పల్చటి ఆసిడ్‌లో మాత్రమే కరుగుతుంది. మరి సగమే తీస్తే? అవి గొలుసంతా చెల్లాచెదురుగా మిగిలితే ఉత్త నీళ్లలోనే కరుగుతుంది! జపాన్‌లో సన్నన్, కురిటా, ఇవాకురా 1976లోనే ఈ సంగతి రాశారు. ఎన్ని ఎసిటైళ్లు ఉన్నాయన్నదే కాదు, ఎక్కడెక్కడ ఉన్నాయన్నదీ ముఖ్యమే.

తీసినదాన్ని తిరిగి తగిలించడం చూడ్డానికి ఇంకా బాగుంటుంది. కైటోసాన్‌ని పల్చటి ఎసిటిక్ ఆసిడ్‌లో కరిగించి, మిథనాల్ కలిపి, ఎసిటైల్‌ని అందించే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ పోసి కలియబెట్టి వదిలేస్తాం. వేడి అక్కర్లేదు. కాసేపటికి బీకరు వంచితే ద్రవం కదలదు. అద్దంలా తేటగా ఉన్న జెల్. దాన్ని అలాగే ఉంచితే మెల్లగా ముడుచుకుంటూ, గోడల్ని వదిలేసి, చుట్టూ నీరు కక్కుతుంది. ఎన్‌హైడ్రైడ్ ముందు నైట్రోజన్ దగ్గరికే వెళ్తుంది, వలయం మీది హైడ్రాక్సిళ్ల (OH గ్రూపుల) వంతు తర్వాత. అక్కడ ఎస్టర్ (ఆక్సిజన్‌కి తగులుకున్న ఎసైల్) ఏర్పడిందేమో ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో 1740 cm⁻¹ దగ్గర చూస్తే తెలిసిపోతుంది. ఉంటే మిథనాల్‌లో కాస్త క్షారం వేస్తే చాలు, ఎస్టర్ ఊడిపోతుంది, నైట్రోజన్ మీద ఏర్పడిన ఎమైడ్ చెక్కుచెదరదు.

ఎన్‌హైడ్రైడ్ మారిస్తే పదార్థం స్వభావమే మారిపోతుంది. సక్సినిక్ ఎన్‌హైడ్రైడ్ వాడితే తోక చివర ఆసిడ్ గ్రూపు వస్తుంది, కైటోసాన్ తటస్థ నీళ్లలోనూ కరుగుతుంది. నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం పోలండ్‌లోని లోడ్జ్ వాళ్ల పని. వాళ్లు కైటిన్‌నే తీసుకుని, పర్‌క్లోరిక్ ఆసిడ్ సాయంతో బ్యుటైరిక్ ఎన్‌హైడ్రైడ్‌తో రెండు హైడ్రాక్సిళ్ల మీదా బ్యుటైరైల్ (మూడు కార్బన్ల తోకున్న ఎసైల్) తగిలించారు. దేనికీ లొంగని కైటిన్ అసిటోన్‌లో కరిగింది! ఆ ద్రావణం నుంచి దారాలు తీసి క్షారంలో ముంచితే బ్యుటైరైళ్లు ఊడిపోయి, దారం దారంగానే ఉండి మళ్లీ కైటిన్ అయిపోతుంది. గాయాలకు వేసే కట్లుగానూ ఈ పదార్థాన్ని పరీక్షించారు.

మన దగ్గర ముడిసరుకుకి కొదవ లేదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం అడిగే పిల్లలకి నేనిప్పుడు డీఎసిటైలేషన్ (ఎసిటైల్ తీసే పని) ఇవ్వడం మానేసి, ఈ దారాల పనే ఇస్తున్నాను.